ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి ఇంటికి: కృష్ణా డెల్టాలో మొక్కల చీడల పేర్లు, నివారణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగులో మొక్కలను పట్టే అనేక చీడల పేర్లు మనిషి ఒంటినీ, ఇంటినీ ఆశ్రయించిన జీవుల పేర్ల నుంచి ఏర్పడ్డాయి. నల్లి, పేను, దోమ అనే మూడు ఇంటి మాటలు పొలానికి వెళ్లి కంపునల్లి, పిండినల్లి, ఎర్రనల్లి, పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, సుడిదోమ అయ్యాయి. గత కొన్ని దశాబ్దాలలో విజయవాడ వంటి పట్టణాలలో పెరటి స్థానాన్ని బాల్కనీ కుండీ ఆక్రమించింది. దానితో ఈ పేర్లు తిరిగి ఇంటికి చేరాయి. అయితే పొలంలో ఉన్నప్పుడు ఆ పేర్లకు అంటుకున్న పురుగుమందులు కూడా వాటి వెంట వచ్చాయి. ఈ నామకరణ క్రమాన్నీ, నివారణ పద్ధతుల చరిత్రనూ కలిపి చూసి, ఇంటి మొక్కల చీడలను గుర్తించడంలో పేరు ఎక్కడ తోడ్పడుతుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: చీడ, తెగులు, పిండినల్లి, ఎర్రనల్లి, తెల్లదోమ, వృత్తిపదాలు, వృక్షాయుర్వేదం, కృష్ణా డెల్టా, ఇంటి మొక్కలు.

1. ప్రవేశిక

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక చిన్న అనుభవం. విజయవాడలో మేముంటున్న ఇంటి బాల్కనీలో ఒక గులాబీ కుండీ ఉంది. ఒక వేసవిలో దాని ఆకులు సూదులతో పొడిచినట్లు తెల్లని చుక్కలు తేలి, పాలిపోయి, రాలడం మొదలైంది. పక్కింటి పెద్దావిడ చూసి "నల్లి పట్టిందమ్మా" అన్నారు. ఆ మాటే పట్టుకుని మందుల దుకాణానికి వెళితే, "మిరపకా, పత్తికా?" అన్న ప్రశ్న ఎదురైంది. కుండీలోని గులాబీకి అని చెప్పినా, పిండినల్లికి పత్తిలో వాడే మందే చేతికి వచ్చింది. రెండుసార్లు చల్లాక మొక్క కోలుకోలేదు సరికదా, ఆకుల అడుగున సన్నని బూజు అల్లుకుంది. భూతద్దంతో చూస్తే ఆ జీవికి ఎనిమిది కాళ్లున్నాయి. అది ఎర్రనల్లి, కీటకం కాదు, సాలీడు వర్గానికి చెందినది. పెద్దావిడ చెప్పిన పేరు తప్పు కాదు. కానీ తెలుగులో 'నల్లి' ఒకటి కాదు. ఆ మాట వెనుక ఉన్న వైవిధ్యం తెలియకపోవడం వల్ల మందు తప్పింది.

పేరు తప్పితే మందు తప్పుతుంది. గాలి ఆడని గదిలో, పిల్లలు తిరిగే ఇంట్లో ఆ తప్పు మొక్కతో ఆగదు. అందువల్ల ఈ పేర్ల చరిత్ర కేవలం భాషాసక్తికి సంబంధించిన విషయం కాదు. ఈ వ్యాసంలో వృత్తిపదాల నిర్మాణాన్నీ, ప్రాచీన వృక్షచికిత్స గ్రంథాలలోని భావనలనూ, మద్రాసు రాష్ట్ర కాలపు కీటకశాస్త్రాన్నీ, స్వాతంత్ర్యానంతర వ్యవసాయ పరిణామాలనూ వరుసగా పరిశీలించి, చివరకు నేటి కుండీ మొక్క దగ్గరికి రావడం జరిగింది. పరిధి ప్రధానంగా విజయవాడ, దాని చుట్టూ ఉన్న కృష్ణా డెల్టా.

2. నల్లి, పేను, దోమ: నామకరణంలో ఒక క్రమం

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలను ప్రచురించింది. రైతుల నోటి మాటను శాస్త్రీయంగా సేకరించిన ఆ కృషి, వ్యవసాయ పదజాలాన్ని భాషాధ్యయన వస్తువుగా నిలబెట్టింది. చీడపీడల పేర్లను కూడా ఆ దృష్టితో చూస్తే వాటిలో ఒక స్పష్టమైన క్రమం కనిపిస్తుంది.

మనిషి నెత్తురు పీల్చే మూడు జీవులు ప్రతి ఇంటికీ పరిచితమైనవి: మంచంలో నల్లి, తలలో పేను, గాలిలో దోమ. మొక్క రసం పీల్చే పురుగులలో అత్యధికం ఈ మూడు పేర్లనే తీసుకున్నాయి. వరి కంకిలో పాలు పీల్చే పురుగు కంపునల్లి. మంచపు నల్లికీ దీనికీ పీల్చే గుణంతోపాటు దుర్వాసన కూడా సమానమే. మైనపు పొడి కప్పుకుని కొమ్మల సందుల్లో కూర్చునేది పిండినల్లి. కంటికి ఎర్రని నలుసులా కనిపించేది ఎర్రనల్లి. వరి కంకిని పట్టే సూక్ష్మజీవి కంకినల్లి. లేత చిగుళ్ల మీద గుంపుగా చేరి జిగురు కార్చేది పేనుబంక. ఇందులో 'పేను' జీవి రూపాన్నీ, 'బంక' అది విసర్జించే తీపి జిగురునూ చెబుతున్నాయి. పత్తి ఆకు మీద పచ్చదోమ, తెల్లదోమ, వరి మొదట్లో సుడిదోమ. ఈ చివరిది పట్టిన పొలం సుడులు సుడులుగా ఎండిపోతుంది గనుక ఆ పేరు వచ్చింది.

దీనికి భిన్నంగా నమిలి తినేవాటికీ, తొలిచేవాటికీ సాధారణంగా 'పురుగు' అన్న మాటే నిలిచింది: కాండం తొలుచు పురుగు, లద్దె పురుగు, గొంగళి పురుగు, కొబ్బరిని పట్టే కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు. పీల్చేవన్నీ నల్లి, పేను, దోమ కావు. పొలుసు పురుగు, తామర పురుగు, మామిడి పూతను పట్టే తేనెమంచు పురుగు దీనికి మినహాయింపులు. అయినా మొత్తం మీద నెత్తురు పీల్చేవాటి పేర్లు రసం పీల్చేవాటికి సంక్రమించాయన్న సూత్రం బలంగానే నిలుస్తుంది.

తులనాత్మకంగా చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. పేనుబంకను మొక్కల పేను అనడం ఇంగ్లీషులోనూ, కన్నడంలోనూ ఉంది. కాని తెల్లదోమను ఇంగ్లీషు 'తెల్ల ఈగ' అంటుంది. తమిళం కూడా ఈగ అన్న మాటనే వాడుతుంది. తెలుగు వ్యవహారంలో స్థిరపడింది మాత్రం దోమ. రంగు, రెక్కలు చూసినవారికి అది ఈగ. అది చేసే పని చూసినవారికి దోమ. ఈ పేర్లలో తెలుగు రైతు ఆకారం కంటే వృత్తికి ప్రాధాన్యం ఇచ్చాడని చెప్పవచ్చు. ఆధునిక కీటకశాస్త్రం నివారణ కోసం మొదట చేసే విభజన కూడా ఇదే. నమిలి తినేవాటికి ఆకు మీద పూసిన విషం కడుపులోకి పోతుంది. రసం పీల్చేవాటి ముక్కు ఆకు లోపలికి దిగుతుంది గనుక ఆ పై పూత వాటినంతగా తాకదు. ఒంటికి తగిలే మందో, రసంలో కలిసే మందో కావాలి.

ఇక తెగుళ్ల పేర్లు లక్షణాన్ని బట్టి ఏర్పడ్డాయి. మాడినట్లు చేసేది అగ్గితెగులు, పాము ఒంటి మీది మచ్చలను తలపించేది పాముపొడ తెగులు, బూడిద చల్లినట్లుండేది బూడిద తెగులు. ఈ పద్ధతిలో కారకం పురుగా, శిలీంధ్రమా అన్న భేదం లేదు. వరిలో హిస్పా అనే పెంకు పురుగు చేసే నష్టానికి తాటాకు తెగులు అన్న పేరుండటం ఇందుకు నిదర్శనం. 'తెగులు' అన్న మాట మనుషుల వ్యాధికి కూడా చెల్లేది. తెలుగు బైబిలు అనువాదంలో మహమ్మారికి వాడింది ఈ మాటనే. మనిషి రోగానికీ మొక్క రోగానికీ ఒకే మాట ఉండటం, మొక్కను ఇంటిలోని ప్రాణిగా భావించిన దృష్టికి అద్దం పడుతుంది. వేమన పద్యమొకటి వేరుపురుగునూ చీడపురుగునూ వేర్వేరుగా పేర్కొని, వాటి సరసన దుర్జనుడిని నిలుపుతుంది. కనిపించకుండా కింద నుంచి చెరిచేది ఒకటి, కళ్లెదుటే పైన చెరిచేది మరొకటి. ఈ విభజన జనవ్యవహారంలో ఎంత సహజంగా ఉన్నదో ఆ పద్యం వల్ల తెలుస్తుంది.

3. వృక్షాయుర్వేదం: మొక్కను రోగిగా చూడటం

మొక్కల చికిత్సకు సంస్కృతంలో సుదీర్ఘ సంప్రదాయం ఉంది. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించబడింది. చలి, గాలి, ఎండ వల్ల చెట్లకు రోగాలు కలుగుతాయని చెప్పి, చెడిన భాగాన్ని ముందు శస్త్రంతో తొలగించి, ఆపైన వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపిన లేపనం పూసి, పాలు కలిపిన నీటితో తడపాలని అందులో విధించబడింది. సురపాలుని వృక్షాయుర్వేదం మరింత విస్తృతమైనది. దాని ప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో నళిని సాధలే ఆంగ్లానువాదంతో దానిని వెలువరించింది. సురపాలుడు చెట్ల రోగాలను వాత, పిత్త, కఫ దోషాల వల్ల లోపల పుట్టేవనీ, పురుగులు, చలి మొదలైన వాటి వల్ల బయటి నుంచి కలిగేవనీ విభజించాడు.

ఈ గ్రంథాల నుంచి నేటి పాఠకుడు గ్రహించవలసింది మందుల జాబితా కంటే చికిత్సాక్రమం. మొదట చెడిన కొమ్మను తొలగించడం, తరువాత గాయానికి రక్షణ, ఆపైన పోషణ. ఇంటి మొక్కకు పిండినల్లి పట్టినప్పుడు నేటి ఉద్యానశాస్త్రం చెప్పే క్రమం దాదాపు ఇదే. అయితే ఈ సంప్రదాయంలో ఉన్నదంతా ప్రయోగాలలో నిరూపితమైనదనుకోవడం కూడా సరికాదు. త్రిదోష సిద్ధాంతం తెల్లదోమనూ ఎర్రనల్లినీ వేరుచేసి చూపలేదు. గుర్తింపు విషయంలో రైతు పెట్టిన పేరు శాస్త్రగ్రంథం కంటే నిశితమైనదని ఇక్కడ గమనించాలి.

4. మద్రాసు కాలం: పురుగు శాస్త్రవిషయం కావడం

1852–55 మధ్య బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం జరిగింది. ఆర్థర్ కాటన్ ప్రణాళికకు చార్లెస్ ఓర్ ఆచరణరూపం ఇచ్చాడు. కాలువల నీటితో డెల్టా ప్రధానంగా వరిసీమ అయింది. ఒకే పంట విస్తారంగా, ఏటేటా పండే చోట దానిని తినే పురుగుకు కూడా స్థిరనివాసం ఏర్పడుతుంది. ఈ నేపథ్యంలోనే పురుగు ప్రభుత్వానికి పట్టవలసిన విషయమైంది. 1914లో టి. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాలపై మద్రాసులో బృహద్గ్రంథం వెలువరించాడు. అదే ఏడాది విదేశాల నుంచి చీడలు రాకుండా నాశక కీటకాల, చీడల చట్టం వచ్చింది. 1919లో మద్రాసు రాష్ట్రం సొంతంగా వ్యవసాయ చీడల, తెగుళ్ల చట్టం చేసుకుంది. 1940లో టి.వి. రామకృష్ణ అయ్యర్ దక్షిణ భారతానికి ఉద్దేశించిన ఆర్థిక కీటకశాస్త్ర గ్రంథాన్ని ప్రచురించారు. 1945లో డెల్టాలోని బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడటంతో ఈ శాస్త్రానికి తెలుగునేల మీద నెలవు దొరికింది.

ఆ కాలపు మందులు నేటి వంటివి కావు. కిరోసిన్, సబ్బు కలిపిన ద్రావణం, చేపనూనె సబ్బు, పొగాకు కషాయం ముఖ్యమైనవి. పొగాకు గుంటూరు సీమ ప్రధాన పంట కావడంతో దాని కాడల, ముక్కల కషాయం ఇక్కడ సులభసాధ్యమైంది. అందులోని నికోటిన్ పురుగు నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది. 1990ల నుంచి విస్తరించిన ఇమిడాక్లోప్రిడ్ వర్గపు మందులు అదే మార్గంలో పనిచేసే కృత్రిమ రూపాలు. నాటుమందు గనుక నిరపాయకరమన్న భావనకు పొగాకు కషాయమే ఖండన. నికోటిన్ మనిషికీ తీవ్రమైన విషమే.

పురుగుతో పురుగును అదుపుచేసే ఆలోచన కూడా ఈ కాలంలోనే రూపుదిద్దుకుంది. అందుకు తొలి పాఠం ఒక పొరపాటు నుంచి వచ్చింది. ఎర్రరంగు కోసం పెంచే కొచినీల్ పురుగు పిండినల్లికి దూరపు బంధువు. 1795లో ఈస్టిండియా కంపెనీ కాలంలో బ్రెజిల్ నుంచి అసలు రంగు పురుగు అనుకుని మరొక జాతిని తెప్పించారు. అది రంగు ఇవ్వలేదు గాని నాగజెముడును తినివేసింది. తరువాత 1830లలో దక్షిణ భారతంలో కలుపుగా మారిన నాగజెముడుపైకి దానినే ఉద్దేశపూర్వకంగా వదిలారు. ఆధునిక జీవనియంత్రణ చరిత్రలో ఇది తొలి ఘట్టాలలో ఒకటి. 1888–89లో కాలిఫోర్నియా నిమ్మతోటలను పొలుసు పురుగు జాతి నుంచి ఆస్ట్రేలియా అక్షింతల పురుగు కాపాడటంతో ఈ పద్ధతికి ప్రపంచఖ్యాతి వచ్చింది. 1898లో ఆస్ట్రేలియా నుంచే మరొక అక్షింతల పురుగు, క్రిప్టోలీమస్, కాఫీ తోటల కోసం దక్షిణ భారతానికి వచ్చింది. నేడు పిండినల్లిపై ప్రయోగశాలలు పెంచి ఇచ్చేది దీనినే. దీని పిల్లపురుగు తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తెలియనివారు శత్రువనుకుని మిత్రుడిని నలిపివేసే ప్రమాదం ఇక్కడ ఉంది.

5. 'మందు' అన్న మాట, 'ఎండ్రిన్' అన్న మాట

1939లో పాల్ ముల్లర్ డీడీటీకి పురుగులను చంపే గుణం ఉన్నట్లు కనుగొన్నాడు. 1948లో అతనికి నోబెల్ బహుమతి లభించింది. ఆ తరువాతి మూడు దశాబ్దాలలో డెల్టా పల్లెలలోకి డీడీటీ, గమాక్సిన్, ఎండ్రిన్ వరుసగా వచ్చాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 1960ల మధ్య నుంచి అధిక దిగుబడి వంగడాలు, ఎరువులు విస్తరించాయి. దట్టంగా, పచ్చగా పెరిగిన వరిలో సుడిదోమ 1970ల నుంచి పెద్ద సమస్య అయింది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం, విజయవాడ ఆకాశవాణి వ్యవసాయ ప్రసంగాలు, 1969లో మొదలైన 'అన్నదాత' వంటి పత్రికలు ఈ పేర్లనూ వాటికి తగిన మందులనూ ఒకే వాక్యంలో రైతుకు చేరవేశాయి. చీడ పేరుకూ మందు పేరుకూ విడదీయరాని ముడి పడింది ఈ దశలోనే.

తెలుగులో మందు అంటే ఔషధం. తుపాకీ మందు, కల్లు సారాయి కూడా మందే. పురుగుమందు అన్న సమాసంలో పురుగును చంపేదన్న అర్థం ఉన్నా, రోగికి ఔషధమిస్తున్నామన్న ధ్వని మిగిలే ఉంది. మొక్కకు 'మందు కొట్టడం' వైద్యం చేయడం వంటిదన్న భావన ఈ మాటలోనే ఇమిడి ఉంది. ఈ ధ్వనిని బద్దలుకొట్టిన మాట ఎండ్రిన్. పురుగుకన్నా ముందు మనిషి ప్రాణం తీసేదిగా అది తెలుగు నవలల్లో, సినిమా సంభాషణల్లో ఆత్మహత్యకు పర్యాయపదం అయింది. ఆ రసాయనం 1990లో నిషేధించబడినా మాట మాత్రం బ్రతికే ఉంది.

1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో తెల్లదోమ విజృంభించింది. కృత్రిమ పైరిత్రాయిడ్ మందుల విచ్చలవిడి వాడకం దీనికి ఒక ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ మందులు కాయతొలుచు పురుగును చంపబోయి, తెల్లదోమను తినే మిత్రపురుగులను ముందు చంపాయి. 1987–88 నాటి పత్తిరైతుల ఆత్మహత్యలు ఈ సంక్షోభంతో ముడిపడినవే. ఒక చీడ కోసం కొట్టిన మందు మరొక చీడను పెంచుతుందన్న ఈ కఠినమైన పాఠం, ప్రవేశికలో చెప్పిన గులాబీ కుండీకి కూడా అక్షరాలా వర్తిస్తుంది. ఎర్రనల్లిని తినే మిత్రజీవులు మందుకు చనిపోతాయి. కీటకం కాని ఎర్రనల్లి మిగిలిపోయి పెరుగుతుంది.

6. కుండీలోకి వచ్చిన ప్రపంచం

పెరటిలో తులసి, మందారం, నందివర్ధనం, కరివేపాకు, మల్లెపందిరి ఉన్న ఇంటికీ, బాల్కనీలో మనీప్లాంటు, క్రోటను ఉన్న ఇంటికీ మధ్య ఉన్నది స్థలభేదం మాత్రమే కాదు. మనీప్లాంటు స్వస్థలం పసిఫిక్ మహాసముద్రంలోని మొరెయా ద్వీపం. ఇటువంటి మొక్కల ప్రపంచయాత్రకు దారి వేసింది లండను వైద్యుడు నథానియల్ వార్డ్ కనుగొన్న గాజుపెట్టె. 1833లో మొక్కలు ఆ పెట్టెలో సిడ్నీ దాకా సజీవంగా చేరాయి. మొక్కలు ప్రయాణించిన దారిలోనే వాటి చీడలూ ప్రయాణించాయి.

మన ప్రాంతానికి సంబంధించిన ఇటీవలి ఘట్టాలు నాలుగు. మందారం కొమ్మలను మైనంతో కప్పే పత్తి పిండినల్లి అమెరికా ఖండానికి చెందినది. 1898లో న్యూమెక్సికోలో మొదట వర్ణించబడి, 2000ల మధ్యలో భారతదేశంలో వ్యాపించింది. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో కనిపించింది. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన చిన్న పరాన్నజీవి కందిరీగలు దానిని అదుపుచేశాయి. 2016లో పొల్లాచి ప్రాంతపు కొబ్బరిలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొద్ది కాలంలోనే గోదావరి, కృష్ణా డెల్టాల కొబ్బరి, అరటి, జామ ఆకులకు పాకింది. దానిపై పనిచేసే శిలీంధ్రాన్ని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం పెంచి రైతులకు అందించింది. 2021–22లో గుంటూరు, కృష్ణా, ఖమ్మం ప్రాంతాల మిరప పూతను నల్ల తామర పురుగు నాశనం చేసింది. అదే పురుగు విదేశాలలో గాజుగృహాలలో పెంచే అలంకరణ మొక్కలకు కూడా చీడ.

గోదావరి తీరాన కడియం నర్సరీల నుంచి డెల్టా పట్టణాలకు కుండీ మొక్కలు నిత్యం వస్తాయి. పొలం చీడ, ఇంటి చీడ అన్న విభజన ఇక నిలవదు. కొత్త మొక్కను తెచ్చిన వెంటనే పాత మొక్కల సరసన పెట్టక, రెండు మూడు వారాలు విడిగా ఉంచి గమనించడం 1914 చట్టం దేశానికి విధించిన సూత్రాన్ని ఇంటికి అన్వయించడమే.

7. పేరు, లక్షణం, నివారణ: కుండీ దగ్గర పరిశీలన

పిండినల్లి ఆకు తొడిమ, కొమ్మ కలిసే సందుల్లో దూదిపింజలా కనిపిస్తుంది. దాని తీపి విసర్జన కోసం చీమలు చేరి, మిత్రపురుగుల నుంచి దానిని కాపాడతాయి. కుండీ ఎక్కుతున్న చీమల బారును పిండినల్లికి తొలి సూచనగా భావించాలి. ఆ జిగురు మీద నల్లని మసి తెగులు పెరుగుతుంది. మసి అసలు రోగం కాదు, పీల్చే పురుగు ఉన్నదనడానికి సాక్ష్యం. దూదిని స్పిరిటులో ముంచి ఒక్కొక్క పింజనూ తుడవడం, బాగా పట్టిన కొమ్మను కత్తిరించి మూటకట్టి పారవేయడం, చీమల దారి తెంచడం ఇక్కడ ముఖ్యం. మైనం కప్పుకున్న పెద్ద పురుగుపై పిచికారీ అంతగా పనిచేయదు. అప్పుడే గుడ్డు నుంచి వెలువడి తిరుగాడే పిల్లపురుగుల మీద పనిచేస్తుంది. అందుకే వారానికొకసారి మూడు నాలుగు మార్లు చేయవలసి ఉంటుంది.

పొలుసు పురుగు కదలదు. కాడ మీద గోధుమరంగు బుడిపెలా ఉండి మొక్కలోని భాగమేనని భ్రమింపజేస్తుంది. గోటితో గీకితే ఊడివస్తే అది పురుగే. పాత పళ్లబ్రష్షుతో సబ్బునీటిలో రుద్ది తీయవచ్చు.

తెల్లదోమ కుండీని కదిపితే లేచి మళ్లీ ఆకు అడుగునే వాలుతుంది. ఎగిరేవి పెద్దవి మాత్రమే. నష్టం ఎక్కువగా చేసే పిల్లదశలు ఆకు అడుగున అంటుకుని ఉంటాయి. పసుపురంగు జిగురు అట్టలు ఎగిరేవాటిని పట్టి ఉనికిని తెలుపుతాయి. 1926లో ఇంగ్లండులోని చెషంట్ పరిశోధన కేంద్రంలో టమాటా గాజుగృహపు తెల్లదోమ పిల్లలు నల్లబడి ఉండటం గమనించి, వాటిలో గుడ్లు పెట్టే ఎన్‌కార్సియా అనే కందిరీగను గుర్తించారు. మన కొబ్బరి ఆకుపై సర్పిలాకార తెల్లదోమకు విరుగుడుగా నిలిచింది ఆ కుటుంబంలోనిదే. ఆకు అడుగున నల్లబడిన పిల్లదశలు కనిపిస్తే మందు చల్లకుండా ఆగడమే వివేకం.

పేనుబంక చామంతి, గులాబీ లేత చిగుళ్లను చలికాలంలో పడుతుంది. ఆడపురుగు మగదాని అవసరం లేకుండానే పిల్లలను కంటుంది గనుక వారంలో చిగురంతా నిండుతుంది. ధారగా నీళ్లు కొట్టడమే చాలాసార్లు సరిపోతుంది.

ఎర్రనల్లి విజయవాడ వేసవికి సరిపోయిన జీవి. వేడి, పొడిగాలి దానికి అనుకూలం. ఏసీ గదిలోని పొడితనమూ అంతే. ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టితే రాలిన నలుసులు నడవడం కనిపిస్తుంది. ఆకుల అడుగును రెండు రోజులకొకసారి నీటితో కడగడం తొలి చికిత్స. పొలంలో లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం వాడతారు. కాని మండుటెండలో అది ఆకును మాడుస్తుంది, నూనెలతో కలపరాదు, గది లోపల చల్లదగినది కాదు.

తామర పురుగు గీకిన చోట వెండి చారలు, వాటి మీద నల్లని చుక్కలు ఉంటాయి. తామర అన్న చర్మవ్యాధి పేరు దీనికి అన్వయించడం పైపొర చెడటంలోని పోలికను బట్టేనని ఈ వ్యాస భావన. కుండీ మట్టి మీద ఎగిరే చిన్న నల్లదోమలు అతిగా నీరు పోస్తున్నామనడానికి గుర్తు. పైమట్టిని ఆరనివ్వడమే వాటికి మందు.

8. మందు నుంచి కషాయానికి, కషాయం నుంచి అస్త్రానికి

ధాన్యపు గాదెలో వేపాకు వేయడం ఇక్కడి ఇళ్లకు కొత్త కాదు. ఆ ఆచారానికి ప్రయోగాల మద్దతు 20వ శతాబ్దంలో దొరికింది. 1962లో ఢిల్లీలో ఎస్. ప్రధాన్ బృందం వేపగింజల కషాయం చల్లిన ఆకులను మిడతలు ముట్టవని ప్రయోగపూర్వకంగా చూపింది. 1968లో అజాడిరక్టిన్‌ను వేరుచేయడం జరిగింది. వేప ఆధారిత శిలీంధ్రనాశని మీద అమెరికా కంపెనీకి ఇచ్చిన పేటెంటును ఐరోపా పేటెంటు కార్యాలయం 2000లో రద్దుచేసి, 2005లో ఆ నిర్ణయాన్ని స్థిరపరచింది. వేప పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పి, ఎదుగుదలను ఆపుతుంది. ఇంటికి లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి వడకట్టిన కషాయం గాని, 5 మిల్లీలీటర్ల వేపనూనె గాని సరిపోతుంది. నూనె నీటిలో కలవడానికి కొద్దిగా సబ్బు లేదా కుంకుడు రసం చేర్చాలి. ముందు ఒక ఆకుపై చల్లి చూసి, సాయంత్రం పూట ఆకు అడుగు తడిచేలా పిచికారీ చేయాలి.

2016 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేపట్టిన ప్రకృతి వ్యవసాయంలో నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం అన్న పేర్లు ప్రచారంలోకి వచ్చాయి. మందు వైద్యశాల మాట, కషాయం వంటింటి మాట, అస్త్రం యుద్ధభూమి మాట. పదార్థం మెత్తబడినకొద్దీ పేరు కఠినమవడం ఇక్కడి విశేషం. రసాయన మందుల పట్ల రైతుకున్న నమ్మకాన్ని ఎదుర్కోవడానికి పురాణశక్తి గల పేరు అవసరమైందని ఊహించవచ్చు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1968 కీటకనాశనుల చట్టం కింద ప్రతి డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలలో ఒకటి విషతీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైనది. పొలానికి ఉద్దేశించిన సీసాను ఇంటి కుండీకి తెచ్చుకోవడం, దానిని మంచినీళ్ల సీసాలోకి వంపుకోవడం మన ఇళ్లలో సాధారణంగా జరిగే అపచారం. ఎర్ర త్రికోణానికి గది లోపల స్థానం లేదు.

9. ముగింపు

1. తెలుగులో మనిషి నెత్తురు పీల్చే నల్లి, పేను, దోమల పేర్లు మొక్క రసం పీల్చే చీడలకు సంక్రమించాయి. ఈ జానపద వర్గీకరణ నివారణకు పునాదియైన శాస్త్రవిభజనతో చాలావరకు ఏకీభవిస్తుంది.

2. ఆ వర్గీకరణకు ఒక హద్దు ఉంది. పిండినల్లి కీటకం, ఎర్రనల్లి కాదు. రెంటికీ ఒకే పేరు ఉండటం వల్ల ఒకే మందు వాడే పొరపాటు జరుగుతున్నది. విశేషణాన్ని వదలి 'నల్లి' అని మాత్రమే అనడం ఇంటి మొక్కల విషయంలో ప్రమాదకరం.

3. చీడ పేరుకూ రసాయనానికీ ముడిపడినది 1960–80ల మధ్యకాలంలో. ఆ ముడి పొలం అవసరాల నుంచి పుట్టినది. దానిని ఇంటికి యథాతథంగా తేరాదు.

4. తొలగించడం, కడగడం, విడిగా ఉంచడం, ఆపైననే చల్లడం అన్న క్రమం వృక్షాయుర్వేదం నాటి నుంచి నేటి వరకు నిలిచిన చికిత్సాసూత్రం.

వృత్తిపదకోశాల సేకరణ పొలానికీ మగ్గానికీ చేరింది. బాల్కనీలో కుండీ పెంచుతున్న గృహిణుల, విశ్రాంత ఉద్యోగుల, నర్సరీ కూలీల నోట కొత్తగా పుడుతున్న మాటలను కూడా నమోదు చేయవలసిన సమయమిది. ఆ సేకరణకు ఈ వ్యాసం ఒక ప్రవేశిక కాగలిగితే దీని ప్రయోజనం నెరవేరినట్లే. మా గులాబీ ఆ ఏడాది తొలకరి వానలకు మళ్లీ చిగిర్చింది. దానికి పట్టినది ఏ నల్లియో తెలిశాక వాడిన మందు నీళ్లే.